మందుకు కార్డు ఉంది, ముద్దకు ఏదీ?

జ్వరం వస్తే కడుపు మాడ్చాలనీ, లంఖణం పరమౌషధమనీ తరతరాలుగా మన ఇళ్లలో ఒక నమ్మిక ఉన్నది. నాలుగు రోజుల జ్వరానికి దానివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. కానీ రెండున్నర, మూడేళ్లపాటు సాగే క్యాన్సర్ చికిత్సలో ఉన్న పసిబిడ్డ విషయంలో అదే నమ్మిక ప్రాణం మీదికి తెస్తుంది. ఈ బిడ్డకు పథ్యం అంటే మానిపించడం కాదు, తినిపించడం. ఈ మాట ప్రతి సరిహద్దు పల్లెకూ చేరవలసి ఉన్నది. అంతకంటే ముఖ్యంగా, తినిపించడానికి కావలసిన గుడ్డు, పాలు, పప్పు ఆ ఇంటికి చేరవలసి ఉన్నది. మొదటిది తల్లిదండ్రుల బాధ్యత. రెండవది ప్రభుత్వాల బాధ్యత. ఈ రెండవ బాధ్యతను ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పూర్తిగా తలకెత్తుకోలేదు.

కోలారును పాలు, పట్టు, బంగారం పండే జిల్లా అని చెప్పుకోవడం పరిపాటి. బంగారం కథ 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతతో ముగిసింది. గనితో పాటు గని కార్మికుల కుటుంబాలను కనిపెట్టుకొని ఉండిన గని ఆసుపత్రి కూడా కనుమరుగైంది. నాటి నుండి కేజీఎఫ్ ప్రజలు కూలికీ, కొలువుకూ, వైద్యానికీ బెంగళూరు రైలునే నమ్ముకొని ఉన్నారు. బిడ్డకు రక్త క్యాన్సర్ అని తేలితే ఎక్కువ కుటుంబాలకు తెలిసిన దారి బెంగళూరు హోసూరు రోడ్డులోని కిద్వాయి ఆసుపత్రి. 1973లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థకు కర్ణాటక వారే గాక పొరుగు రాష్ట్రాల వారు కూడా వస్తారు. వి.కోట, కుప్పం, పలమనేరు వైపు కుటుంబాలలో కొందరు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలకు, కొందరు తిరుపతికి వెళతారు. తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారంతో క్యాన్సర్ ఆసుపత్రి 2022 మే నెలలో ప్రారంభమైంది.

మందు చేసే పని, మందు తెచ్చే బాధ

పిల్లలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ రక్తానికి సంబంధించినది. దానిలోనూ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రకం అధికం. దీని చికిత్సలో మొదటి నెల చాలా తీవ్రమైనది. తరువాత కొన్ని నెలలు ఆసుపత్రికీ ఇంటికీ తిరగవలసి వస్తుంది. ఆపై మాత్రలతో సాగే దీర్ఘకాలం ఉంటుంది. అంతా కలిపి రెండు నుండి మూడేళ్లు పడుతుంది. ఈ కాలంలో బిడ్డ ఆసుపత్రి మంచం మీద ఉండే రోజులకంటే ఇంటి చాప మీద ఉండే రోజులే ఎక్కువ. కనుక ఆహారం విషయంలో అసలు ఆసుపత్రి ఇల్లే అని చెప్పవచ్చు.

చికిత్సలో వాడే ఒక్కొక్క మందు బిడ్డ తిండిని ఒక్కొక్క విధంగా తాకుతుంది. స్టెరాయిడ్ మాత్రలు విపరీతమైన ఆకలి పుట్టిస్తాయి. ముఖం ఉబ్బుతుంది, రక్తంలో చక్కెర పెరగవచ్చు, కండ మాత్రం కరుగుతుంది. ఉబ్బిన బుగ్గలను చూసి బిడ్డ ఒళ్లు చేసిందని ఇరుగుపొరుగు సంతోషిస్తారు. అది బలం కాదు. విన్‌క్రిస్టిన్ సూది మలబద్ధకాన్ని, దవడ నొప్పిని తెస్తుంది. మెథోట్రెక్సేట్ నోటిలో పుండ్లు లేపవచ్చు. ఆస్పరాజినేజ్ సూది కొందరిలో క్లోమ గ్రంథికి వాపు తెస్తుంది. అప్పుడు వచ్చే తీవ్రమైన కడుపునొప్పిని గ్యాసు అనుకొని ఇంటిలో కూర్చోరాదు, వెంటనే ఆసుపత్రికి చేరాలి. వాంతులు, రుచి మారిపోవడం, వాసన పడకపోవడం దాదాపు అందరు పిల్లలలోనూ ఏదో ఒక దశలో కనిపిస్తాయి. నిన్నటి వరకు ఇష్టంగా తిన్న సంగటిని బిడ్డ నేడు తోసివేస్తే అది మొండితనం కాదని, మందు నాలుక రుచిని మార్చిందని పెద్దలు గ్రహించాలి.

మెథోట్రెక్సేట్ ప్రస్తావనలో తెలుగువారు గుర్తుంచుకోవలసిన పేరు ఒకటి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడే ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేశారు. ఫోలిక్ ఆమ్లం ఒక పోషక పదార్థం, ఆకుకూరలలో ఉండే విటమిను. క్యాన్సర్ కణాలు పెరగడానికి కూడా అది కావాలి. దానిని పోలి ఉండి, దాని పనిని అడ్డుకొనే మందును ఆయన బృందం తయారు చేసి ఇవ్వగా, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దానిని రక్త క్యాన్సర్ పిల్లలకు వాడారు. వ్యాధి తాత్కాలికంగానైనా వెనుకకు తగ్గినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ మందుకు తోబుట్టువే నేటి మెథోట్రెక్సేట్. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఈ చరిత్రలో ఇంటికి పనికివచ్చే హెచ్చరిక కూడా ఉన్నది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకోవడమే ఆ మందు పని అయినప్పుడు, బలానికని దుకాణంలో కొన్న ఫోలిక్ ఆమ్లం టానిక్కు ఆ మందుకు ఎదురు తిరగవచ్చు. ఏ టానిక్కయినా, ఏ ఆకు పసరయినా వైద్యునికి చెప్పకుండా ఇవ్వరాదు. ఇంటిలో వండిన ఆకుకూరకు ఈ భయం అక్కరలేదు. కొన్ని సందర్భాలలో వైద్యులే ఆ జాతికి చెందిన మందును రాసి ఇస్తారు, దానిని మానరాదు.

బరువు చెప్పని నిజం

తిండికీ వ్యాధి నయం కావడానికీ గల సంబంధం ఊహ కాదు. మధ్య అమెరికా దేశాలలో క్యాన్సర్ పిల్లల జబ్బ కొలతలు తీసి చేసిన ఒక పెద్ద అధ్యయనం 2012లో వెలువడింది. వ్యాధి బయటపడే నాటికే దాదాపు మూడింట రెండు వంతుల పిల్లలు పోషణ లోపంతో ఉన్నారని తేలింది. మిక్కిలి బక్కచిక్కిన పిల్లలలో చికిత్సను మధ్యలో మానివేసిన వారు, మరణించిన వారు ఎక్కువగా ఉన్నారు. ఆశ కలిగించే మాట మరొకటి ఉన్నది. గ్వాటెమాలాలో ల్యుకేమియా పిల్లలను పరిశీలించినప్పుడు, మొదటి ఆరు నెలలలో పోషణ మెరుగుపడిన పిల్లలు, మొదటి నుండీ పుష్టిగా ఉన్న పిల్లలతో సమానంగా బ్రతికారు. అంటే బక్కగా వచ్చిన బిడ్డ బక్కగానే పోవలసిన రాత ఏదీ లేదు. ఆరు నెలల ముద్ద ఆ రాతను మార్చగలదు.

ఆ దేశాలు సంపన్న దేశాలేమీ కావు. అందుకే వాటి అనుభవం మనకు పాఠం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకు, కౌమారులకు క్యాన్సర్ వస్తున్నది. సంపన్న దేశాలలో నూటికి ఎనభైమందికి పైగా నయమవుతుండగా, పేద, మధ్యాదాయ దేశాలలో ముప్పైమందికి కూడా నయం కావడం లేదు. 2030 నాటికి కనీసం 60 శాతం మంది బ్రతకాలన్న లక్ష్యాన్ని ఆ సంస్థ 2018లో ప్రకటించింది. ఈ వ్యత్యాసానికి మందుల కొరత, ఆలస్యంగా గుర్తించడం, చికిత్స మధ్యలో మానివేయడం కారణాలు. పోషణ లోపం వీటన్నిటినీ మరింత బిగిస్తుంది.

ఇక్కడ గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. కడుపులో పెద్ద గడ్డ ఉన్న బిడ్డ బరువు తూస్తే, గడ్డ బరువు కూడా కలిసి వస్తుంది. స్టెరాయిడ్ వల్ల ఒంటికి నీరు పట్టినా బరువు పెరుగుతుంది. కాటా చూసి మోసపోయే ప్రమాదం ఉన్నది. జబ్బ చుట్టుకొలత అంత సులభంగా మోసం చేయదు. ఇందుకు కావలసిన రంగుల పట్టీ ప్రతి అంగన్‌వాడీలో పరిచితమైనదే. ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లలలో కొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పోషణ లోపం ఉన్నట్లు, 11.5 కు తగ్గితే అది తీవ్రమైనట్లు. ఐదేళ్లు దాటిన పిల్లలకు ఈ హద్దులు వర్తించవు. అయినా నెలనెలా అదే చేతికి కొలిచి రాసిపెట్టుకుంటే తగ్గుదల తెలిసిపోతుంది. ఆ కాగితాన్ని ఆసుపత్రికి పోయేటప్పుడు వెంట తీసుకుపోవాలి.

కోలారు వంటింటి బలం

ఈ బిడ్డలకు విదేశీ డబ్బా పొడులే గతి అనుకోవడం పొరపాటు. వైద్యులు రాసి ఇస్తే ఆ పొడి వాడవలసిందే. కానీ మన వంటిల్లు బలహీనమైనది కాదు. నూరు గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. స్టెరాయిడ్ ఎముకలను పలుచన చేస్తుంది గనుక ఇది మంచి తోడు. అయితే రాగిలో మాంసకృత్తులు తక్కువ, నూరు గ్రాములకు ఏడు గ్రాములే. నీళ్లలో కాచిన పలుచని అంబలి కడుపు నింపుతుందే గాని కండ నిలపదు. అదే జావను పాలతో కాచి, వేయించిన శనక్కాయల పొడి ఒక చెంచా, కొద్దిగా నెయ్యి కలిపితే బలమైన ఆహారమవుతుంది. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గుడ్డు సొన గట్టిపడేదాకా ఉడకాలి. అనపకాయల కాలంలో పితికిపప్పు, మిగతా రోజులలో పెసరపప్పు, ఉలవలు, చికెను, చేప ఏది అందితే అది బాగా ఉడికించి పెట్టవచ్చు.

ఒక్కసారి పెద్ద పళ్లెం పెట్టి తినమని నిలబడటం కంటే రెండు గంటలకొకసారి కొంచెం కొంచెం పెట్టడం మేలు. నోటిపుండ్లు ఉన్న రోజులలో కారం, పులుపు, ఊరగాయ మాని, మెత్తగా చల్లారిన ఆహారం ఇవ్వాలి. మలబద్ధకానికి నీళ్లు, పండు, ఉడికిన ఆకుకూర ఉపకరిస్తాయి. ఇంటిలో ఎనిమా ఇవ్వరాదు. స్టెరాయిడ్ వారాలలో ఉప్పు, చక్కెర తగ్గించాలి. చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందని బెదిరించి తీపి అన్నదే లేకుండా చేయడం మాత్రం తగదు. ఆ మాటకు రుజువు లేదు. నడుము సూది వేసే రోజున పరగడుపున రమ్మంటారు. మారికుప్పంలో తెల్లవారక ముందే రైలెక్కిన బిడ్డ మధ్యాహ్నం దాకా పస్తు ఉండవలసి వస్తుంది. సూది అయిన తరువాత వైద్యులు అనుమతించగానే పెట్టడానికి ఇంటి డబ్బా సిద్ధంగా ఉండాలి. బంగారుపేట స్టేషను దాటుతుంటే పానీపూరీ కోసం బిడ్డ మారాం చేయడం సహజమే. రక్తకణాలు తగ్గి ఉన్న ఆ రోజులలో వీధి తిండి, పచ్చి నీళ్లు ప్రమాదకరమైనవి. చికిత్స పూర్తయ్యాక ఆ ముచ్చట తీర్చవచ్చు.

ఇన్‌ఫెక్షన్ భయంతో పండ్లు, కూరలు, పెరుగు అన్నీ మానిపించే అలవాటు కూడా ఉన్నది. అమెరికాలో క్యాన్సర్ పిల్లల మీద జరిపి 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో, కఠినమైన ఆంక్షల తిండికీ, శుభ్రత నియమాలతో కూడిన మామూలు తిండికీ ఇన్‌ఫెక్షన్ల విషయంలో తేడా కనిపించలేదు. కాబట్టి శుభ్రత ముఖ్యం, నిషేధాల పట్టిక కాదు. సబ్బుతో కడిగిన చేతులు, కాచిన పాలు, అప్పుడు వండిన అన్నం, కడిగి తొక్క తీసిన పండు, కాచి చల్లార్చిన నీరు చాలు. కోలారు బోరు నీటిలో ఫ్లోరైడు ఉన్నది. కాచితే క్రిములు పోతాయి గాని ఫ్లోరైడు పోదు. శుద్ధి చేసిన నీటిని తెచ్చి, దానిని కూడా కాచి ఇవ్వడం ఉత్తమం. పెరుగు, తేనె వంటి వాటి విషయంలో ఆసుపత్రి వారు చెప్పినట్లు నడవాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే ఇంటి వైద్యం చేయక, ఏ వేళ అయినా ఆసుపత్రికి బయలుదేరాలి.

కార్డు ఎక్కడ ఆగిపోతున్నది?

ఇంతవరకు చెప్పినది చేయగల ఇల్లు వేరు, చేయలేని ఇల్లు వేరు. బిడ్డ చికిత్సకు తల్లి వెంట ఉంటే ఆమె కూలి పోతుంది. తండ్రి కూడా తిరగవలసి వస్తే ఇద్దరి కూలీ పోతుంది. ఇంటిలో మిగిలిన పిల్లల కంచాలు కూడా చిక్కిపోతాయి. రోగికీ, తోడు వచ్చే ఒకరికీ రైలు చార్జీలో రాయితీ ఉన్నది. 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకం వల్ల కర్ణాటక మహిళలకు ఆ రాష్ట్ర సాధారణ బస్సులలో ప్రయాణం ఉచితం. ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక కింద పేద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం లభిస్తుంది. ఆసుపత్రిలో చేరి ఉన్నంత కాలం తిండి కూడా దానిలో భాగమే. కానీ డిశ్చార్జి కాగితం చేతికి వచ్చిన మరుక్షణం ఆ భాగం ఆగిపోతుంది. ముందే చెప్పినట్లు, చికిత్సలో ఎక్కువ రోజులు గడిచేది ఆ తరువాతనే.

క్షయ రోగి విషయంలో దేశం ఈ లోటును గుర్తించింది. 2018 ఏప్రిల్ నుండి క్షయ రోగికి పోషణ నిమిత్తం నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసింది. మందు పనిచేయాలంటే తిండి కావాలన్న సూత్రాన్ని ప్రభుత్వం అంగీకరించినట్లే కదా! క్షయకు ఒప్పుకొన్న సూత్రం పసిబిడ్డ క్యాన్సర్‌కు ఎందుకు వర్తించదు? క్షయ రోగులతో పోలిస్తే ఈ పిల్లల సంఖ్య చాలా స్వల్పం. ఖర్చు భారమన్న మాట ఇక్కడ నిలువదు.

మరింత శోచనీయమైన సంగతి బడిలో కనిపిస్తుంది. కర్ణాటక బడులలో 2013 నుండి క్షీరభాగ్య పాలు ఇస్తున్నారు. 2024లో పాలలో రాగి మాల్టు చేరింది. అదే ఏడాది అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ సాయంతో గుడ్డు వారానికి ఆరు రోజులకు పెరిగింది. ఆంధ్ర బడులలో కూడా 2023లో రాగి జావ మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఇవన్నీ అందుతాయి. అదే బిడ్డకు క్యాన్సర్ వచ్చి, ఇన్‌ఫెక్షన్ భయంతో ఇంటిలో ఉండిపోతే, హాజరు పట్టీలో గైరు గుర్తు పడుతుంది. ఆ గుర్తుతో పాటు పాలు, గుడ్డు, రాగి మాల్టు అన్నీ పోతాయి. అన్నిటికంటే ఎక్కువ అవసరమైన కాలంలోనే బిడ్డ తన వాటాను కోల్పోతున్నది.

దీనికి కొత్త పథకం కూడా అక్కరలేదు. కోవిడ్ కారణంగా 2020లో బడులు మూతపడినప్పుడు మధ్యాహ్న భోజనం వాటాను బియ్యం, పప్పు రూపంలో ఇళ్లకు చేర్చారు. ఆనాడు లక్షలాది పిల్లలకు సాధ్యమైనది, నేడు తాలూకాకు కొద్దిమంది పిల్లలకు అసాధ్యం కాదు. ఆసుపత్రి ధ్రువపత్రం చూపిన బిడ్డకు బడి లేదా అంగన్‌వాడీ వాటాను ఇంటికి ఇవ్వాలని జిల్లా యంత్రాంగం ఉత్తరువు తెస్తే చాలు. 2013లో ముంబయిలో మొదలైన కడల్స్ ఫౌండేషన్ వంటి స్వచ్ఛంద సంస్థలు క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు సరకుల మూటలు ఇచ్చి, ఆసుపత్రులలో పోషకాహార నిపుణులను నియమించి, ఈ పని జరుగుతుందని ఇప్పటికే చూపాయి.

రెండు రాష్ట్రాల నడుమ

సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. పొలం ఒక రాష్ట్రంలో, పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, ఆసుపత్రి ఇంకొక రాష్ట్రంలో ఉంటాయి. ఒక రాష్ట్రపు కార్డు మరొక రాష్ట్రపు ఆసుపత్రిలో ఏ చికిత్సకు చెల్లుతుందో చేరిన తరువాత తెలుసుకుంటే అప్పు మిగులుతుంది. మొదటి రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర బల్ల వద్ద అడగాలి. భాష కూడా చిన్న అడ్డంకి కాదు. బెంగళూరులో ఆహార సలహా కన్నడంలోనో ఆంగ్లంలోనో చెబుతారు. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల తల్లికి కన్నడం అర్థమైనా, వంటింటి మాటలు ఆమెకు తెలుగులోనే ఉంటాయి. ఏది ఎంత ఉడకాలి, దేనిని మానాలి అన్న కాగితం తెలుగులో, కేజీఎఫ్ కుటుంబాల కోసం తమిళంలో కూడా అచ్చువేయడం ఏ ఆసుపత్రికీ భారం కాదు.

బంధువులు చేయగల మేలు కూడా తక్కువేమీ కాదు. పిల్లల క్యాన్సర్‌లలో అధిక భాగానికి కారణం నేటికీ తెలియదు. అది తల్లి పెట్టిన తిండి వల్లనో, ఎవరి పాపం వల్లనో వచ్చినది కాదు, అంటుకొనేదీ కాదు. చూడవచ్చేవారు బేకరీ పొట్లాం బదులు పది గుడ్లో, శేరు పప్పో తెస్తే అది నిజమైన సాయం. ఒక రోజు తల్లికి బదులుగా బిడ్డ వద్ద కూర్చోవడం అంతకంటే పెద్ద సాయం.

ప్రజాప్రతినిధులను అడగవలసినవి మూడే ఉన్నాయి. చికిత్స ముగిసేదాకా ఈ పిల్లలకు క్షయ రోగులతో సమానంగా నెలనెలా పోషణ భత్యం ఇవ్వాలి. బడి, అంగన్‌వాడీ వాటా ఇంటికి చేరాలి. ఆశా కార్యకర్త నెలకొకసారి జబ్బ కొలత తీసి ఆసుపత్రికి తెలపాలి. రానున్న గ్రామసభలలో ఈ మూడింటినీ తీర్మానాలుగా రాయించడం సరిహద్దు పల్లెలు తమంత తాము మొదలుపెట్టగల పని. పాలకు పేరుపడిన జిల్లాలో వ్యాధితో పోరాడే బిడ్డకు రోజుకొక గ్లాసు పాలు అందకపోవడానికి చెప్పదగిన కారణమేదీ లేదు.